పచ్చి చేపకు పట్టాభిషేకం

బాచుపల్లికి సుషి వచ్చింది. మెట్రో రైలు 2017లో మియాపూర్ దాకా వచ్చి, ఎదురుగా ఉన్న రోడ్డును ఒకసారి చూసి, అక్కడే ఆగిపోయింది. సుషి ఆగలేదు. నార్వే నీళ్లలో పెరిగిన సాల్మన్ చేప విమానాలు మారి, ఐస్ పెట్టెలో కూర్చుని ఔటర్ రింగు రోడ్డెక్కి, మల్లంపేట దగ్గర దిగి, మన చౌరస్తాలో వాటర్ ట్యాంకర్ల వెనక తన వంతు వచ్చేదాకా నిలబడి, మొత్తానికి చేరుకుంది.

ఆ ఔటర్ రింగు రోడ్డు కూడా జపాన్ అప్పుతో ముడిపడిందని ఇక్కడ చాలామందికి పట్టదు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డులో కొంత భాగానికి జపాన్ వాళ్ల జైకా సంస్థ రెండు విడతలుగా అప్పిచ్చింది. హుస్సేన్‌సాగర్ కంపు వదిలించడానికీ అప్పిచ్చింది. కంది దగ్గర ఐఐటీ కట్టడానికీ చెయ్యి కలిపింది. ఇంత చేసినా ఏనాడూ మన నోట "అబ్బ, జపాన్!" అన్న మాట రాలేదు. ఎనిమిది అన్నం ముద్దలు వరసగా పేర్చి ఆరొందలు వసూలు చేసేసరికి ఊరంతా జపాన్ భక్తులైపోయారు. మనకు ఉపకారం చేసినవాడి కంటే మన దగ్గర ఎక్కువ తీసుకున్నవాడి మీదే గురి కుదురుతుంది.

ఊరి సంగతి తెలియని వాళ్లకు రెండు మాటలు చెప్పాలి. బాచుపల్లిలో మూడు పంటలు పండుతాయి. కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో ర్యాంకులు, మందుల ఫ్యాక్టరీల్లో మాత్రలు, మిగిలిన ప్రతి గజంలోనూ ఫ్లాట్లు. 2019లో నిజాంపేటతోనూ ప్రగతినగర్‌తోనూ కలిపి నగరపాలక సంస్థను చేసినా ఇక్కడి మనిషికి లోపలి బెంగ తీరలేదు. హైటెక్ సిటీలో పక్క సీటువాడు "ఎక్కడుంటారు?" అని అడుగుతాడు. బాచుపల్లి అనగానే "అబ్బో, అంత దూరమా!" అంటాడు. వాడుండేది కొండాపూర్‌లో అద్దె ఇంట్లో. మనవాడిది సొంత ఫ్లాటు, ఇరవయ్యేళ్ల ఈఎంఐ. అయినా తల దించుకునేది మనవాడే.

ఇప్పుడా బాధ లేదు. "మా ఇంటి కిందే సుషి ప్లేస్ ఉంది" అని ఎదురు సమాధానం చెప్పొచ్చు. ఫ్లాట్లమ్మే ఏజెంటు కూడా స్కూలు, ఆసుపత్రి, ఓఆర్ఆర్ ఎగ్జిట్ అని మూడు వేళ్లు మడిచాక నాలుగో వేలు మడిచి "సుషి, వాకబుల్ సర్" అంటున్నాడు. చదరపు అడుగు రేటుకు అదొక ఊతం. అందుకే అంటున్నా, ఇక్కడ సుషి తినేది ఆకలి కోసం కాదు, రుచి కోసం అంతకన్నా కాదు. చిరునామా కోసం.

నమ్మకపోతే శనివారం రాత్రి ఎనిమిదింటికి వెళ్లి చూడండి. ఏ హోటలని అడక్కండి. బోర్డు మీద పేరేదైనా లోపల సరంజామా ఒకటే. ఎర్ర కాగితం లాంతర్లు, ప్లాస్టిక్ చెర్రీ పూల కొమ్మలు, గోడ నిండా హొకుసాయ్ వేసిన ఆ పెద్ద అల. 1831 ప్రాంతంలో ఆయన దాన్ని చెక్క అచ్చుతో వేశాడు. అది బాచుపల్లిలో చేతులు కడుక్కునే చోటు దాకా వచ్చి కొడుతుందని పాపం అనుకుని ఉండడు. తలుపు తీయగానే నలుగురు కుర్రాళ్లు ఒక్క గొంతుతో "ఇరాషైమాసే!" అని జపాన్ భాషలో స్వాగతం అరుస్తారు. పెద్దవాళ్లు ఉలిక్కిపడి వెనక్కి చూస్తారు, ఎవరికైనా ఏమైనా అయిందేమోనని. ఒక మూల పుట్టినరోజు, ఒక మూల టీమ్ డిన్నరు, మధ్యలో ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ఒక ప్లేటు తెప్పించుకుని ఆరుగురు ఫోటోలు తీసుకుంటుంటారు. ఫోటో అయ్యేదాకా ఎవరూ ముట్టకూడదు. ఇంట్లో దేవుడికి నైవేద్యం పెట్టేటప్పుడు కూడా ఆ పిల్లలు ఇంత నిష్ఠగా ఉండి ఉండరు.

టోక్యోలో జిరో ఒనో అనే పెద్దాయన దుకాణం గింజా మెట్రో స్టేషన్ దగ్గర నేలమాళిగలో ఉంటుంది. పది సీట్లు. మెనూ కార్డు లేదు. ఆయన పెట్టిందే తినాలి. 2014లో ఒబామా వెళ్లినా అదే పద్ధతి. మన దగ్గర మెనూ చిన్న సైజు పంచాంగం అంత ఉంటుంది. అందులో థాయ్ కూర, చైనా నూడుల్స్, కొరియా రామెన్, చిల్లీ చికెన్, చివర్లో పెద్దల కోసం జీరా రైస్. ఇన్నిటి మధ్య సుషికి దక్కింది ఒక పేజీ. ఆ పేజీలో చేపకు దక్కింది ఒక మూల.

పక్క టేబుల్ దగ్గర జరిగిన సంభాషణ నా చెవిన పడింది, దాచుకోవడం భావ్యం కాదు.

"ఇందులో పచ్చి చేప ఉంటుందా?"

"భయపడకండి సర్. మా దగ్గర ఎక్కువ ఐటెమ్స్‌లో చేపే ఉండదు సర్."

"మరి ఏముంటుంది?"

"పనీర్ టెంపురా రోల్ బాగా పోతుంది సర్. క్రీమ్ చీజ్ అవకాడో ఉంది. చికెన్ టిక్కా రోల్ మా చెఫ్ స్పెషల్ సర్."

"సాల్మన్ లేదా?"

"ఉంది సర్. కావాలంటే ఫ్రై చేయించి ఇస్తాం సర్."

అన్ని సముద్రాలు దాటి వచ్చిన చేపకు చివరికి మన మూకుడే గతి. నూనెలో వేగుతూ అదేమనుకుందో తెలియదు కానీ, కోనసీమలో పుట్టిన రొయ్య మాత్రం పక్క మూకుట్లోంచి పలకరించి ఉంటుంది.

ఇది మన ఒక్కరి తప్పని అనను. సుషి దేశం దాటిన ప్రతిసారీ దాని ఒంటి మీది గుడ్డ ఒకటి ఊడిపోతూనే ఉంది. 1960లు, 70లలో అమెరికా వెళ్లినప్పుడు, అక్కడి వాళ్లు నల్లటి సముద్రపు నాచును చూసి మొహం చిట్లించారు. అందుకని నాచును లోపలికి నెట్టి అన్నాన్ని బయటికి తిప్పారు. కొవ్వు పట్టిన టూనా దొరకదని అవకాడో పెట్టారు. దానికి కాలిఫోర్నియా రోల్ అని పేరొచ్చింది. అందులో పెట్టే పీత కడ్డీ చాలాచోట్ల పీత కూడా కాదు, చేప గుజ్జుకు పీత వాసన పట్టించి ఎర్ర రంగు అద్దింది. అలా అమెరికా నాచును దాచేసింది. బాచుపల్లి ఇంకో అడుగు ముందుకేసి చేపనే తీసేసింది. మిగిలింది చల్లటి పుల్లటి అన్నం, మధ్యలో పనీరు. పుల్లటి అన్నమే కావాలంటే శుక్రవారం అమ్మవారి గుడికి వెళ్తే దొన్నెలో పులిహోర పెట్టి చేతికిస్తారు, సర్వీస్ ఛార్జీ అడగరు.

ఇంకో టేబుల్ దగ్గర ఒక నానమ్మ కూర్చుంది. మనవడి ప్రమోషన్ పార్టీ. ఆవిడ ముద్దను వేలితో నొక్కి చూసి అంది: "ఎసరు ఎక్కువైందిరా. మెతుకు మెతుకు అంటుకుపోయింది."

"అది అలాగే ఉండాలి నానమ్మా."

"చల్లారిపోయింది కూడా."

"అదీ అలాగే ఉండాలి."

"ఇన్ని అలాగే ఉండాలంటే ఇంట్లోనే వండేదాన్ని కదరా, నేను చెడగొట్టలేనా?"

ఆవిడను తప్పు పట్టేదేముంది? 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి బీపీటీ 5204 బయటికొచ్చి సాంబ మసూరిగా ఇంటింటికీ చేరినప్పటి నుంచి, అన్నం పొడిపొడిలాడటమే వంట వచ్చినందుకు రుజువని నమ్మిన ఇల్లాలు. ఆ తర్వాత ఆవిడ ముద్దను రెండు వేళ్లతో తీసుకుని నోట్లో వేసుకుంది. మనవడు చుట్టూ చూసి గొంతు తగ్గించి, "నానమ్మా, చేత్తో కాదు" అన్నాడు. అతని చేతిలో రెండు చెక్క పుల్లలున్నాయి. వాటితో పట్టుకున్న ముక్క సగం దూరం వచ్చి సోయా సాస్ గిన్నెలో పడింది. తెల్ల చొక్కా మీద నల్ల చుక్కలు పడ్డాయి. మళ్లీ ఎత్తాడు, అన్నం గిన్నెలో ఉండిపోయి పనీరు ఒక్కటే పైకొచ్చింది.

అన్నం ముద్ద మీద చేప పెట్టిన సుషిని జపాన్‌లో చేత్తో తినడం తప్పు కాదు, మర్యాద తక్కువ అంతకన్నా కాదు. పాత పద్ధతే అది. ఆ హాల్లో సుషిని సుషిలా తిన్నది ఆ నానమ్మ ఒక్కతే. సిగ్గుపడింది మాత్రం ఆవిడ. ఐదు వేళ్లూ కలిపి ముద్ద చేయడం పుట్టుకతో వచ్చిన జాతి, చేత్తో తినాల్సిన దాన్ని పుల్లలతో తినడానికి యూట్యూబులో పాఠాలు వింటోంది.

ఇంతకీ ఈ సుషిది దొరల వంశమా అంటే, కానే కాదు. దాని మూలం మెకాంగ్ నది వైపు వరి పొలాల్లో చేపల్ని నిల్వ చేసుకునే ఉపాయమని పరిశోధకులు చెబుతారు. చేపకు ఉప్పు పట్టించి, అన్నంలో కూరి, నెలల తరబడి పులియబెట్టేవారు. పులిసిన అన్నాన్ని పారేసి చేపను తినేవారు. జపాన్‌లో బివా సరస్సు ఒడ్డున ఇప్పటికీ అలా చేస్తారు. అందులోకి వాడేది టూనా కాదు, సాల్మన్ కాదు. మన బొచ్చె, రవ్వల కుటుంబానికి చెందిన మంచినీటి చేప. ఆ జాడీ మూత మన అపార్టుమెంటు కారిడార్‌లో తీస్తే సెక్యూరిటీ గార్డు గ్యాస్ లీకయిందని పరిగెత్తుకొస్తాడు.

ఇప్పుడు మనం చూసే ముద్ద 1820ల ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, బండి మీద పుట్టింది. హనాయా యోహే అనే వర్తకుడి పేరు చెబుతారు. పనికి పోయేవాళ్లు నిలబడి, చేత్తో రెండు ముద్దలు నోట్లో వేసుకుని, బండికి వేలాడే గుడ్డకు వేళ్లు తుడుచుకుని పోయేవాళ్లు. గుడ్డ ఎంత మురికిగా ఉంటే ఆ బండికి అంత పేరట. ముద్ద కూడా ఇప్పటి దానికి రెండు మూడింతలుండేది, కడుపు నిండాలి కాబట్టి. టూనా పొట్ట దగ్గర కొవ్వు ముక్కను ఆ రోజుల్లో చవక సరుకని తీసి పారేసేవాళ్లు. అదే టూనా ఒకటి, 278 కిలోలది, 2019 జనవరిలో తొయోసు మార్కెట్ వేలంలో 33 కోట్ల 36 లక్షల యెన్లు పలికింది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న వాళ్లం, ఈ పిచ్చి మనకు కొత్తేమీ కాదు. కాకపోతే పుస్తెలమ్ముకున్నవాడి పులుసులో పులస ఉండేది.

బండి మీద పుట్టినదాన్ని ఏసీ గదిలో సోఫా మీద కూర్చోబెట్టాం, సరే. మరి మన బండ్ల సంగతి? ట్రాఫిక్‌కు అడ్డమని, ఫుట్‌పాత్ ఆక్రమణ అని, శుభ్రత లేదని రోజూ తరుముతూనే ఉంటాం. 2024 జనవరిలో మాదాపూర్‌లో కుమారి ఆంటీ అన్నం బండిని పోలీసులు తీయించేస్తే, దాన్ని తిరిగి పెట్టించడానికి సాక్షాత్తూ ముఖ్యమంత్రి కలగజేసుకోవాల్సి వచ్చింది. ఆమె బండి దగ్గర నిలబడి ఫుల్ మీల్స్ తినడం నామోషీ అనుకున్నవాడే, రెండొందల ఏళ్ల కిందటి జపాన్ కూలీవాడి టిఫిన్ తినడానికి ఆన్‌లైన్‌లో టేబుల్ బుక్ చేసుకుంటున్నాడు.

సాల్మన్ కథ ఇంకా రంజుగా ఉంటుంది. సాల్మన్ సుషి అనాదిగా వస్తున్న జపాన్ ఆచారమని ఇక్కడ అందరూ కళ్లు మూసుకుని ఆస్వాదిస్తారు. నిజానికి జపాన్ వాళ్లు తమ సముద్రపు సాల్మన్‌ను పచ్చిగా తినేవాళ్లే కాదు, పురుగులుంటాయని. నార్వేలో పెంపకం చేపలు పేరుకుపోయాయి. కొనేవాళ్లు కావాలి. 1985లో ఆ దేశపు మత్స్యశాఖ మంత్రి బృందాన్ని వెంటబెట్టుకుని టోక్యో వెళ్లాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి హోటళ్ల వెంట, దుకాణాల వెంట, వంటవాళ్ల వెంట పడి, మొహమాటపెట్టి, ధర తగ్గించి, చివరికి జపాన్ చేత పచ్చి సాల్మన్ తినిపించారు. అంటే బాచుపల్లివాడు జపాన్ సంస్కృతి అనుకుని కన్నీళ్లు పెట్టుకునేది నార్వే ప్రభుత్వ అమ్మకాల శాఖ సాధించిన విజయం చూసి.

మనకూ చేపలున్నాయి, రొయ్యలున్నాయి. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే దేశంలో మొదటి స్థానం. 1990లలో మన టైగర్ రొయ్యను పోటీపడి కొన్నది జపానే. తెల్లమచ్చ జబ్బు వచ్చి టైగర్ మునిగితే, 2009లో వనామీ రొయ్యకు అనుమతిచ్చారు, మళ్లీ లేచి నిలబడ్డాం. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచేసరికి భీమవరం రైతు చెరువు గట్టు మీద నిలబడి దిక్కులు చూశాడు. ఆ రైతుకు నార్వే మంత్రిలాంటివాడు ఒక్కడు దొరికి ఉంటే ఈపాటికి ఓస్లోలో ఎవడో ఒకడు గోంగూర రొయ్యల ముందు ఫోటో దిగుతుండేవాడు.

పళ్లెం అంచున పచ్చటి ముద్ద ఒకటి పెడతారు, వసాబి అని. అసలు వసాబి జపాన్ కొండల్లో పారే చల్లటి నీటి పక్కన పెరిగే దుంప. చాలా ఖరీదు. జపాన్‌లోనే ఎక్కువ చోట్ల దాని బదులు హార్స్‌రాడిష్ అనే దుంప పొడి, ఆవపొడి, ఆకుపచ్చ రంగు కలిపి పెడతారు. నషాళానికి అంటే ఆ ఘాటు వసాబి, హార్స్‌రాడిష్, ఆవ మూడింటిలోనూ ఒకే రసాయనం వల్ల వస్తుంది. అల్లైల్ ఐసోథయోసైనేట్ దాని పేరు. ఆవ పెట్టిన పనసపొట్టు కూరలోనూ, కొత్తావకాయ జాడీ మూత తీసినప్పుడూ ముక్కుకు తగిలేది అదే. ఇంట్లో ఆ కూర చేసినరోజు "అమ్మా, ఘాటు, నాకొద్దు, స్విగ్గీ పెట్టుకుంటా" అన్న కుర్రాడు ఇక్కడ ముక్కు పట్టుకుని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ "ఆథెంటిక్!" అంటున్నాడు.

ఆజినోమోటో సంగతి కూడా ఇదే. 1908లో కికునాయె ఇకెదా అనే టోక్యో ప్రొఫెసరు సముద్రపు నాచు చారులోంచి ఒక రుచిని విడదీసి, దానికి ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటి ఏడే అది ఆజినోమోటోగా బజారుకొచ్చింది. మన ఫాస్ట్‌ఫుడ్ బండ్ల మీద టేస్టింగ్ సాల్ట్ పేరుతో ఎన్నో ఏళ్లుగా కాపురం చేస్తోంది. తెలుగు నేల మీద జపాన్‌కు మొదటి రాయబారి అదే. బండి దగ్గర "అన్నా, ఆజినోమోటో వద్దు, ఆరోగ్యానికి మంచిది కాదు" అని గట్టిగా చెప్పేవాడు సుషి హోటల్లో స్పూను చప్పరించి "ఉమామి బాగుంది" అంటాడు. ఇకెదా వింటే రెండింటికీ ఒకటే బిల్లు వేసేవాడు.

నవ్వులాటలో మరిచిపోకూడనిది ఒకటుంది. కౌంటరు వెనక తలకు గుడ్డ కట్టుకుని సుషి చాప చుడుతున్న కుర్రాడు జపాన్‌వాడు కాదు. ఇలాంటి వంటిళ్లలో మీకు ఎక్కువగా కనిపించేది డార్జిలింగ్, మిజోరం, మణిపూర్, నేపాల్ పిల్లలు. కత్తి పని నిజంగా నేర్చుకున్నవాళ్లు. యజమాని వాళ్లకు కిమోనో లాంటిది తొడిగి ముందు నిలబెడతాడు, కస్టమర్లు జపాన్ వంటవాడే అనుకుని సంబరపడి సెల్ఫీ అడుగుతారు. ఇదే నగరంలో 2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, ఇద్దరు మణిపూర్ కుర్రాళ్లు సరుకుల కోసం ఒక సూపర్‌మార్కెట్‌కు వెళితే మీరు విదేశీయుల్లా ఉన్నారని లోపలికి రానివ్వలేదు. ఆధార్ కార్డు చూపించినా వినలేదు. అదే మొహం. రోడ్డు మీద ఉంటే అనుమానం, కౌంటరు వెనక ఉంటే ఆథెంటిసిటీ. వాడి ఊరు పేరు మాత్రం అప్పుడూ ఎవరూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

ఇక వాసన. బాచుపల్లి సుషి మోజుకు అసలు కీలకం ఇక్కడుంది. సుషికి వాసన రాదు. పనీర్ రోల్‌కు అసలే రాదు. గేటెడ్ కమ్యూనిటీ నాగరికతకు కావాల్సిన చేప అదే, వాసన లేని చేప, ముల్లు లేని చేప, వీలైతే చేప లేని చేప. ఆదివారం పొద్దున్నే ప్రగతినగర్ వైపు రోడ్డు పక్కన బొచ్చెలు, రవ్వలు, కొర్రమీన్లు పోసుకుని, నీళ్ల తొట్టె, కత్తిపీట పెట్టుకుని కూర్చునే ఆడవాళ్లను చూడండి. బతికున్న చేపను పట్టి, పొలుసు గీసి, పేగు తీసి, కోసి కవర్లో వేసి ఇస్తారు. చేప ఇంతకంటే తాజాగా ఉండాలంటే మనమే చెరువులో దిగాలి. కొర్రమీను 2016 నుంచి తెలంగాణ రాష్ట్ర చేప. రాష్ట్ర చేపకు గేటు లోపలికి ప్రవేశం లేదు. వాటిని అమ్మే మనిషికీ లేదు. విజిటర్ యాప్‌లో ఆమె కోసం గడి లేదు.

ఎండు రొయ్యలు వేయించారంటే చాలు, వాట్సాప్ గ్రూపులో యుద్ధం. "దయచేసి కారిడార్ వైపు కిటికీలు మూసుకుని వండుకోండి." "చిన్నపిల్లలున్నారు." "ఇది స్టాండర్డ్స్ ఉన్న కమ్యూనిటీ." పావుగంటలో కార్యదర్శి గారు ముక్కుకు కర్చీఫ్ అడ్డుపెట్టుకుని ఐదో అంతస్తుకు వచ్చేస్తారు.

అర్ధరాత్రి దాటాక ఇదే కమ్యూనిటీలోకి ఇంకో వాసన వస్తుంది. బొల్లారం, కాజీపల్లి పారిశ్రామికవాడల వైపు నుంచి, గొంతులో మంటపుట్టించే రసాయనాల కంపు. బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్ జనం ఏళ్ల తరబడి దాని గురించి మొత్తుకుంటున్నారు. మొత్తుకునేది కొద్దిమందే. మిగతావాళ్లు లేచి, కిటికీ మూసి, ఏసీ ఒక పాయింటు పెంచి పడుకుంటారు. గ్రూపులో తెల్లారి మూడు ఏడుపు మొహాల బొమ్మలు, ఒక "సేమ్ హియర్". ఫ్లాట్ల రేట్లు పడిపోతాయని, బయటి గ్రూపులకు ఫార్వర్డ్ చేయొద్దని అడ్మిన్ హెచ్చరిక. ఎండు రొయ్యకు ఉన్న దోషం ఫ్యాక్టరీ పొగగొట్టానికి లేకపోయింది.

అక్కడికి దగ్గర్లోనే గండిగూడెం చెరువుంది. 2022లో ఆ చెరువులో చేపలు టన్నులకొద్దీ చచ్చి తెల్లగా తేలాయి. ఫ్యాక్టరీల వ్యర్థాలు వదలడం వల్లేనని మత్స్యకారులు గగ్గోలు పెట్టారు. చేపపిల్లలు పోసుకుని, పెరిగేదాకా కాపుకాసి, పట్టే రోజు కోసం ఎదురుచూసే సొసైటీ వాళ్లు ఒడ్డున కుప్పలు పోసుకుని కూర్చున్నారు. ఆ పాత పద్ధతి సుషిలోకి వాడే బివా సరస్సు చేపకు దాయాదులు ఆ చచ్చిన చేపలు. మన చెరువులో చేప బతకదు కాబట్టి నార్వే నుంచి చేపను విమానంలో తెప్పించుకుంటున్నాం, దాన్నీ ఫ్రై చేయించుకుని తింటున్నాం. దీన్ని అభివృద్ధి అనే అంటారు, బ్రోషర్‌లో వేసింది చూశాను.

బిల్లు గురించి ఎక్కువ రాయను, ఎవరి గుండె వాళ్లది. "చేప ఫ్రెషా?" అని అడిగితే "ఈరోజే వచ్చింది సర్" అంటే అక్కడ కాస్త జాగ్రత్తపడండి. పచ్చిగా తినే చాలా రకాల చేపలకు ఫ్రెష్ కంటే ఫ్రీజరు ముఖ్యం. పురుగు చావాలంటే మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు గడ్డకట్టించాలని అమెరికా ఆహార నియమాలు చెబుతాయి. రోల్ మీద వంకర గీతలు గీసే మయోనీస్ దేంతో చేశారో కూడా అడగండి. మోమోలు తిని ఒకరు చనిపోయాక, పచ్చి గుడ్డుతో చేసే మయోనీస్‌ను 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించాల్సి వచ్చింది. ఇక బిల్లు కింద మౌనంగా చేరిపోయే సర్వీస్ ఛార్జీని బలవంతంగా వసూలు చేయడానికి వీల్లేదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్నే ఖాయం చేసింది. తీసేయమంటే తీసేస్తారు. కానీ ఎర్ర లాంతర్ల కింద, పక్క టేబుల్‌వాళ్లు చూస్తుండగా, ఆ ఒక్క మాట అడగడానికి మనవాడికి నోరు రాదు. నానమ్మను పంపండి, ఆవిడ అడుగుతుంది.

సుషి తినొద్దని ఎవరు అన్నారు? మంచి చేపతో, తెలిసిన చేయి చేస్తే అది గొప్ప తిండే. అపార్టుమెంటు అసోసియేషన్ల అధ్యక్షులకూ కార్యదర్శులకూ మాత్రం ఒక విన్నపం. ఆదివారం ఉదయం రెండు గంటలు చేపలమ్మే ఆమెకు గేటు తీయండి, క్లబ్ హౌస్ వెనక నీళ్ల కుళాయి దగ్గర కూర్చోనివ్వండి. ఈసారి అర్ధరాత్రి ఆ కంపు వచ్చినప్పుడు కిటికీలు మూయకుండా టైము రాసుకోండి, ఫ్లాటుకొక సంతకం తీసుకుని కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి. ఆ కాగితం మీద చేపలమ్మే ఆమె సంతకం కూడా పెట్టించండి. గండిగూడెంలో చచ్చిన చేపలు ఆమెలాంటి వాళ్లవే.